రాక కాదు, చూడక!

"నాకు బొమ్మలు రావండీ."

ముప్ఫై ఏళ్లకు పైగా బొమ్మలు గీసి బతుకుతున్నవాణ్ణి. ఈ మాట వినకుండా నాకు వారం గడవదు. డాక్టరు అంటాడు, బ్యాంకు మేనేజరు అంటాడు, తెలుగు పంతులు అంటాడు, ఇంజనీరైతే మరీ గట్టిగా అంటాడు. "నాకు చదవడం రాదు" అనాల్సి వస్తే వీళ్లంతా తల దించుకుంటారు. కూడికలు రావని పదిమందిలో చచ్చినా ఒప్పుకోరు. బొమ్మలు రావని చెప్పేటప్పుడు మాత్రం తల నిటారుగా ఉంటుంది, మొహాన చిరునవ్వు కూడా ఉంటుంది. అది వాళ్లకి లోటుగా తోచదు. చిన్నప్పుడు పిచ్చిగీతలతో కాలం పాడుచేసుకోకుండా బుద్ధిగా చదువుకున్నామనడానికి అదొక రుజువు.

వాళ్లందరికీ నా జవాబు ఒక్కటే. మీకు బొమ్మలు రాక కాదు. చూడక.

కోపం వచ్చిందా? రానివ్వండి. ఆ కోపంతోనే ఒక పరీక్షకి కూర్చోండి. ఉన్నచోటు నుంచి కదలకుండా మీ ఇంటి వీధి తలుపు ఎలా ఉంటుందో చెప్పండి. గడియ ఎటువైపు? తలుపుకి పలకలెన్ని? గడప మీద పసుపు ఎక్కడిదాకా అరిగింది? పోనీ, తలుపు వదిలెయ్యండి, అది చెక్క. మీ అమ్మ చెవి తమ్మె చెంపకి అతుక్కుని ఉంటుందా, విడిగా వేలాడుతుందా? పుట్టినప్పటినుంచీ చూస్తున్న ముఖం. చెప్పగలరా? నేనడిగినవాళ్లలో టక్కున చెప్పినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లు లోపలికెళ్లి చూసొచ్చి చెప్పారు. అలా లేచి వెళ్లి చూసొచ్చారే, డ్రాయింగులో అదే మొదటి పాఠం. మీకు ఆ పాఠం చెప్పినవాడు లేడు. చెప్పబోయినవాణ్ణి బడిలో ఒక మూల కూర్చోబెట్టారు.

చేతి వంక పెట్టకండి. సంతకం పెట్టే చెయ్యి, సూదిలోకి దారం ఎక్కించే చెయ్యి, రోడ్డు గుంతల మధ్య స్కూటరు నడిపే చెయ్యి బొమ్మకి సరిపోతుంది. ఆ మాత్రం పట్టు మీ అందరికీ ఉంది. లేనిది చూపు. మన కన్ను ఎదుట ఉన్నదాన్ని చూడదు, బుర్రలో ముందే పోతపోసి పెట్టుకున్న అచ్చుని చూస్తుంది. కన్నంటే బాదం పప్పు, ముక్కంటే ఏడంకె, చెట్టంటే కర్ర మీద మబ్బు. బొమ్మ గీయడమంటే ఆ అచ్చులతో గంటల తరబడి కుస్తీ పట్టడం. అమెరికాలో బెట్టీ ఎడ్వర్డ్స్ అనే డ్రాయింగు టీచరు 1979లో రాసిన పుస్తకంలో ఒక సాధన ఉంది. నకలు తియ్యాల్సిన బొమ్మని తలకిందులుగా పెట్టి గీయమంటుంది. తమకేమీ రాదనుకున్నవాళ్లు కూడా అలా పెడితే బాగా గీస్తారని ఆమె అంటుంది. చెయ్యి అదే, పెన్సిలు అదే. మారిందేమిటి? తలకిందులైనప్పుడు అది ముక్కో మూతో బుర్ర పోల్చుకోలేదు. పేరు తెలియదు గనక అచ్చు అందించలేదు. ఇక కన్ను పనిచెయ్యక తప్పదు. నా మాట నమ్మొద్దు. ఒక కాగితం తీసుకుని ఇవాళే చేసి చూడండి.

కొన్నేళ్ల కిందట ఒక పెద్ద ప్రైవేటు బడిలో బొమ్మల పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. అరవై పైచిలుకు కాగితాలు బల్ల మీద పరిచారు. రెండు త్రికోణాల కొండలు, వాటి నడుమ పళ్లెంలాంటి సూర్యుడు, టిక్కు మార్కుల్లాంటి పక్షులు, వంగిన కొబ్బరిచెట్టు, పెంకుటిల్లు, ఇంటి పక్కనుంచి పాములా నీలం ఏరు. కాగితం తరవాత కాగితం అదే. ఆ పిల్లలు ఉండేది అపార్టుమెంట్లలో. వాళ్ల కిటికీలోంచి కనిపించేవి నీళ్ల ట్యాంకులు, కేబుల్ తీగలు, ఎదుటి బాల్కనీలో ఆరేసిన చీరలు. ఒక్క ట్యాంకూ లేదు, ఒక్క చీరా లేదు. ఒక పిల్లాణ్ణి అడిగాను: "ఈ కొండలెక్కడివి నాన్నా?" వాడు నన్ను వింతగా చూసి, "సీనరీ అంటే అంతే కదా సార్" అన్నాడు. వాడి తప్పు లేదు. వాడికి నేర్పినవాడు ఆ కొండల్ని చూడలేదు. నేర్పినవాడికి నేర్పినవాడూ చూడలేదు. ఎవడూ చూడని కొండల్ని తరం నుంచి తరానికి ఆస్తిలా అప్పగిస్తూ వస్తున్నాం.

కట్ట అడుగున ఒక కాగితం ఉంది. ఏడో తరగతి అమ్మాయిది. రంగుల్లేవు, పెన్సిలు గీతలే. నవారు మంచం మీద ముసలమ్మ నిద్రపోతోంది. ఆ పిల్ల ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని గీసింది. అందుకే కాగితంలో సగం రెండు పాదాలే. మడమల పగుళ్లు, రెండో వేలికి మట్టె తీసేసిన చోట మిగిలిపోయిన నొక్కు, పైకి జరిగిన చీర అంచు, వాటి వెనక ఎక్కడో దూరంగా పిడికిలంత తల, తెరుచుకున్న నోరు. నా ఒళ్లు జలదరించింది. దగ్గరున్నది పెద్దగా, దూరాన ఉన్నది చిన్నగా కనిపిస్తుందన్న సంగతి అందరికీ తెలుసు. తెలిసినా, తెలిసినవాళ్ల ఒంటి మీద దాన్ని ఒప్పుకుని గీయడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ పిల్ల చూసింది, గీసింది.

నా పక్కనున్న ఇద్దరు జడ్జీలు పెదవి విరిచారు. "పాదాలు మరీ పెద్దవైపోయాయి, తల చిన్నదైపోయింది. ఈ అమ్మాయికి ప్రపోర్షన్ తెలీదు" అన్నారు. నేను గొంతు పెంచాను. "ఇంటికెళ్లి పడుకున్నవాళ్ల కాళ్ల దగ్గర కూర్చుని చూడండి, పాదం ఎంత ఉంటుందో తల ఎంత ఉంటుందో" అన్నాను. ప్రిన్సిపాలు గడియారం చూశారు. భూగోళాన్ని రెండు చేతులు పట్టుకుని ఉన్న పోస్టరుకి మొదటి బహుమతి వెళ్లింది. దాన్ని సెల్‌ఫోనులో చూసి దించారని మా ముగ్గురికీ తెలుసు.

టైంటేబుల్లో వారానికి ఒక డ్రాయింగు పీరియడు వేసి, దాన్ని సిలబస్ పూర్తికాని లెక్కల మాస్టారికి ధారపోసి, డ్రాయింగు మాస్టారి చేత గేటు మీద పేర్లు రాయించి, జెండా పండక్కి రంగు కాగితాలు కట్టించి, తనిఖీ ముందురోజు రాత్రి చార్టులు గీయించి, ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీగా వదిలేసి, ఆ తరవాత వార్షికోత్సవం స్టేజీ ఎక్కి పిల్లల్లో సృజన వికసించాలని మైకు పట్టుకునే పెద్దమనుషులారా, ఆ మాట పలికే హక్కు మీకు లేదు.

దిగండి.

తల్లిదండ్రుల్నీ వదలను. ఇంటర్ బైపీసీ చదివే మీ పిల్లల జువాలజీ రికార్డు తెరవండి. కప్ప గుండె, వానపాము జీర్ణవ్యవస్థ, చక్కటి షేడింగు, ముత్యాల్లాంటి అక్షరాలు. అది మీవాడు గీసిందేనా? అక్క గీసింది, లేదా ఎదురింటి డిగ్రీ కుర్రాడు డబ్బు తీసుకుని గీసిపెట్టాడు. ఆ సంగతి లెక్చరరుకి తెలుసు, మీకు తెలుసు, సంతకం పెట్టే ఎగ్జామినరుకీ తెలుసు. కప్ప గుండెని ఒక్కసారైనా కళ్లారా చూసి గీయనివాడు రేపు మనిషి గుండె మీద స్టెతస్కోపు పెడతాడు. బీటెక్ మొదటి ఏడాది డ్రాయింగు షీట్ల సంగతీ అంతే. గాజు పలక కింద ట్యూబులైటు పెట్టి, పక్కవాడి షీటు మీద తమ షీటు పరిచి, రాత్రికి రాత్రి గీతలు దించేవాళ్లని హాస్టళ్లలో నా కళ్లతో చూశాను. డ్రాయింగు కూడు పెడుతుందా అని పదేళ్లు పిల్లవాడి చేతిలోంచి పెన్సిలు లాక్కున్న తండ్రే, వాడు ఆర్కిటెక్చరుకి వెళ్తానంటే పరీక్ష నెలరోజులుందనగా బొమ్మలు నేర్పేవాడి కోసం ఊరంతా గాలిస్తాడు. పదేళ్లు నీళ్లు పోయని చెట్టుని నెలలో కాయమంటాడు.

బొమ్మ వేరు, చదువు వేరు అని మీకెవరు చెప్పారు? 1609 వేసవిలో ఇంగ్లండులో థామస్ హారియట్ అనే గణితవేత్త దూరదర్శినిలోంచి చంద్రుణ్ణి చూసి బొమ్మ గీశాడు. వెలుగుకీ చీకటికీ నడుమ ఒక గరుకు గీత, కొన్ని మచ్చలు. అంతే. కొన్ని నెలల తరవాత ఇటలీలో గెలీలియో అదే చంద్రుణ్ణి చూశాడు. అతని దూరదర్శిని మెరుగైనదే, ఒప్పుకుంటాను. కాని గెలీలియోకి డ్రాయింగు తెలుసు. గుట్ట మీద వెలుగు ఎలా పడుతుందో, గుంతలో నీడ ఎటు సాగుతుందో సాధన చేసిన కన్ను అతనిది. ఆ మచ్చలు కొండల నీడలని పోల్చుకున్నాడు. 1610లో ఆ బొమ్మలు అచ్చేశాడు. చంద్రుడు నున్నటి గోళమన్న నమ్మకం బీటలువారింది. విచిత్రమేమిటంటే, గెలీలియో పుస్తకం వచ్చాక హారియట్ గీసిన చంద్రుడి మీద కూడా గుంతలు కనిపించాయి. ఆకాశంలో చంద్రుడు మారలేదు. చూపు మారింది.

స్పెయిన్‌లో శాంటియాగో రామోన్ ఈ కహాల్ అనే కుర్రాడు చిత్రకారుణ్ణవుతానన్నాడు. వైద్యుడైన తండ్రి ఒప్పుకోలేదు. మన ఇళ్లలో జరిగే గొడవే. చివరికి వైద్యం చదివాడు, పెన్సిలు మాత్రం వదల్లేదు. మైక్రోస్కోపు కింద మెదడు పొరల్ని చూస్తూ నాడీకణాల బొమ్మలు వేలకొద్దీ గీశాడు. ఒక్కో కణం విడిగా ఉంటుందని తేల్చాడు. 1906లో నోబెల్ వచ్చింది. ఆ బొమ్మలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. డ్రాయింగు దండగ అంటున్న డాక్టరు గారూ, మీరు మెదడు గురించి చదివిన మొదటి పాఠం ఒక బొమ్మలవాడి చేతిలోంచి వచ్చింది.

గీసేటప్పుడు లోపల ఏం జరుగుతుందో ఇప్పుడు చెప్తాను. నా ఇరవై రెండో ఏట మా అమ్మ చేతులు గీద్దామని కూర్చున్నాను. కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. మొదటి కాగితంలో ఐదు వేళ్లు గీశాను, బెండకాయల్లా వచ్చాయి. చేతికి ఐదు వేళ్లని నాకు తెలుసు. తెలుసు గనక చూడలేదు. తేరిపార చూస్తే నేను కూర్చున్న చోటినుంచి కనిపించేవి మూడే. బొటనవేలు వంకాయ వెనక ఉంది. చిటికెనవేలు అరచేతి మడతలోకి వెళ్లిపోయింది. గాజులు జారి మణికట్టు దగ్గర ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కత్తి అంచుకీ మణికట్టుకీ మధ్య సన్నటి ఖాళీ ఉంది, మూడు మూలల ఖాళీ. చెయ్యి గీయడం మానేసి ఆ ఖాళీని గీశాను. చెయ్యి దానంతటదే వచ్చి కూర్చుంది. వస్తువు జోలికి పోకుండా దాని చుట్టూ ఉన్న ఖాళీని పట్టుకుంటే వస్తువు దొరుకుతుందన్న ఈ ఒక్క ముక్క నాకు బడిలో ఎవరైనా చెప్పి ఉంటే పన్నెండేళ్లు కలిసొచ్చేవి.

అమ్మ కదలకుండా కూర్చోదు. ముక్కలు నీళ్లలో వేస్తుంది, ఇంకో కాయ తీసుకుంటుంది, పొయ్యి మీద పాలు చూసొస్తుంది. నేను చూసిన చెయ్యి, కాగితం వైపు తల తిప్పేలోపు అక్కడ ఉండదు. అంటే గీసేదెప్పుడూ జ్ఞాపకాన్నే, రెండు క్షణాల కిందటి జ్ఞాపకాన్ని. ఆ రెండు క్షణాలూ చూసినదాన్ని చెదరనివ్వకుండా పట్టి ఉంచడమే సాధన. తక్కినదంతా పెన్సిలు చెక్కుకోవడమే. పదో కాగితానికి వేళ్లు వేళ్లయ్యాయి, కాని వాటిలో వంకాయ బరువు లేదు. ఇరవయ్యో కాగితానికి బరువు వచ్చింది, చెయ్యి మాత్రం ఎవరిదో అయిపోయింది.

ప్రతి బొమ్మలోనూ ఒక గండం వస్తుంది. మొదటి పది నిమిషాల హుషారు ఆరిపోతుంది. ఏ గీతా ఇంకో గీతతో కలవదు. కాగితం మీద ఉన్నది చూస్తే మన మీద మనకే రోత పుడుతుంది. అక్కడ లేచిపోయినవాళ్లే ఇవాళ "నాకు రాదు" అంటున్నారు. అక్కడే కూర్చున్నవాళ్లని చూసి లోకం "వరం" అంటోంది. రెండు జాతుల మధ్య తేడా అంతకుమించి లేదు. నేను మూడు వారాలు కూర్చున్నాను. నలభై పైచిలుకు కాగితాలు పోయాయి. చివరి కాగితంలో ఆరే ఆరు గీతలున్నాయి. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసి, "ఇది నా చెయ్యేరా" అంది.

ఆ ఆరు గీతలు గీయడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. అందుకే "పెళ్లికార్డు మీదికి ఒక బొమ్మ గీసిపెట్టరాదూ, మీకు ఐదు నిమిషాల పనేగా" అంటూ వచ్చేవాళ్లని నేను గుమ్మంలోంచే పంపేస్తాను. ఆ ఐదు నిమిషాల వెనక మూడు వారాలున్నాయి, ఆ మూడు వారాల వెనక ఇరవై ఏళ్ల గుడ్డితనం వదిలించుకోవడం ఉంది. కేటరింగువాడికి ప్లేటు లెక్కన ఇస్తారు, డెకరేషనువాడికి అడ్వాన్సు ఇస్తారు, బొమ్మ గీసేవాడికి భోజనానికి రమ్మని చెప్తారు. నేను రాను.

బాపు గీత చూసి ఎంతమంది చెడిపోయారో నాకు తెలుసు. ఒక్క విసురులో జడ బరువు, నడుము వంపు, మొహంలో అలక. ఎంత తేలికో అనుకుని ఆ పెద్ద కళ్లూ ఆ వాలుజడా నకలు కొట్టినవాళ్లు ఊరికొకరున్నారు. ఆయన కాగితం మీద ఉంచింది వీళ్లకి కనిపించింది. ఆయన వదిలేసింది కనిపించలేదు. ఒక గీత మిగలాలంటే ఎన్ని గీతలు గీసి, చూసి, వద్దనుకోవాలో తెలియనివాడికి ఆ గీత వంటబట్టదు. మా వృత్తిలో అంతకన్నా హీనమైనవాళ్లూ ఉన్నారు. ఫొటోని ప్రొజెక్టరుతో కాన్వాసు మీద పడేసి, వెలుగు వెంట గీతలు దించి, కింద సంతకం పెట్టి, చేత్తో గీశామని అమ్ముకునేవాళ్లు. ప్రొజెక్టరు వాడినందుకు కాదు, దాచినందుకు వాళ్లు దొంగలు.

మీ పిల్లల పెన్సిలు డబ్బాలోంచి రబ్బరు తీసి పారెయ్యండి. తప్పు గీత కళ్లెదుటే ఉండాలి. దాని పక్కన సరైన గీత పడాలి. తప్పు మాయమైపోతే పిల్లవాడు దేనితో పోల్చుకుని దిద్దుకుంటాడు? రబ్బరు నేర్పేది ఒక్కటే: తప్పుని దాచు, తెల్లకాగితం చూపించు. పరీక్షల్లో, ఉద్యోగాల్లో, కాపురాల్లో మనం బతుకుతున్నది ఆ బతుకే.

రబ్బరు లేకుండా ఎలా అంటారా? శ్రీకాళహస్తి వెళ్లండి. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టిన నూలుగుడ్డ మీద కలంకారీ గీసేవాళ్ల పక్కన కూర్చోండి. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో ముందు లేతగా గుర్తులు పెట్టుకుంటారు. తరవాత కలం ఎత్తుతారు. మొన చెక్కిన వెదురుపుల్ల, మొనకి కాస్త ఎగువన చుట్టిన గుడ్డ, దాని మీద దారం బిగింపు. బెల్లం నీళ్లలో తుప్పుపట్టిన ఇనుము వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రావణంలో దాన్ని ముంచి, గుడ్డ చుట్టని వేళ్లతో మెల్లగా ఒత్తుతూ గీత లాగుతారు. ఆ ద్రావణం కరక్కాయ పట్టిన గుడ్డకి తగలగానే నల్లబడుతుంది. నల్లబడిందంటే ఇక ఏరులో ఉతికినా పోదు. పొరపాటు పడితే ఆ పొరపాటుతో కలిసి బొమ్మ పూర్తిచెయ్యాలి. ఆ చేతికి అంత నిబ్బరం ఎక్కడిది? తుడుచుకునే దారి లేకపోవడం వల్ల వచ్చింది.

అంత దూరం వెళ్లలేకపోతే తెల్లవారుజామున మీ వీధిలోకి రండి. కళ్లాపి చల్లిన నేల మీద చుక్కలు పెట్టి, నడుం వంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండి జారుస్తూ, చుక్క చుట్టూ మెలిక తిప్పి తిప్పి, బయల్దేరిన చోటికే గీతని తెచ్చి కలిపే ఆడమనిషి అక్కడ కనిపిస్తుంది. స్కేలు లేదు, కాగితం లేదు, ముందు గీసుకున్న నమూనా లేదు. ఎడమపక్కకీ కుడిపక్కకీ వెంట్రుకవాసి తేడా రాదు. ఆమెని అడిగి చూడండి. "నాకు బొమ్మలు రావండీ" అంటుంది. ఆ మాట ఆమె నోట పెట్టిందెవరు? గోడకి వేలాడితే కళ, గుమ్మం ముందు ఉంటే ఆడవాళ్ల పని అని తీర్పు చెప్పిన మనం. ఇప్పుడు ప్లాస్టిక్ స్టిక్కరు ముగ్గు అంటించి ఆ చేతికి ఉన్న ఆ ఒక్క సాధననీ పీకేస్తున్నాం. పండగ పూట ముగ్గుల పోటీ పెట్టి కుక్కరు బహుమతి ఇస్తే తీరే అప్పు కాదు ఇది.

"వరం" అన్న మాట నా ముందు అనొద్దు. అది పొగడ్త కాదు, దోపిడి. నా నలభై కాగితాల్ని లాక్కుని దేవుడి ఖాతాలో వేసే మాట. పైగా అన్నవాడికి హాయి. వరం లేదు గనక కష్టపడక్కర్లేదు. విన్సెంట్ వాన్‌గో బొమ్మలు మొదలుపెట్టింది 1880లో, ఇరవై ఏడో ఏట. అప్పటికి బొమ్మల దుకాణంలో ఉద్యోగం పోయింది, పంతులుగా నిలబడలేదు, మతప్రచారమూ కుదరలేదు. షార్ల్ బార్గ్ డ్రాయింగు పాఠాలు తెప్పించుకుని బడిపిల్లాడిలా ఒక్కొక్క పలకా నకలు తీశాడు, అయిపోయాక మళ్లీ మొదటినుంచి తీశాడు. తరవాత మిగిలిన పదేళ్లలో వెయ్యికి పైగా డ్రాయింగులు గీశాడు. జపాన్‌లో హొకుసాయి డెబ్బై దాటాక, డెబ్బై ఏళ్ల లోపు తాను గీసినవేవీ లెక్కలోకి రావని రాసుకున్నాడు. నూటపదేళ్లు బతికితే తన ప్రతి చుక్కా ప్రతి గీతా ప్రాణంతో ఉంటాయని ఆశపడ్డాడు. వీళ్లకి వరమిచ్చిన దేవుడు ఎవడు? ఇచ్చి ఉంటే ఇంత చాకిరీ ఎందుకు చేశారు?

రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లి చేతులు వెనక్కి కట్టుకుని "పుట్టుకతో వచ్చిన కళ" అనేసి వచ్చేవాళ్లని చూశాను. 1897లో పుట్టి, 1925లో మశూచికంతో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన మనిషి ఆయన. ఆ కుర్రాడి గీతని ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర చూశాడు, రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాలు. చూసి ఊరుకోలేదు. బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్లి చదువుకునేలా చేశాడు. తిరిగొచ్చిన రామారావు తనలాంటివాళ్లు మరికొందరు తయారుకావాలని రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. నూరేళ్ల కిందట ఒక ప్రిన్సిపాలు పిల్లవాడి గీత చూశాడు. నేను చెప్పిన బడిలో ప్రిన్సిపాలు గడియారం చూశారు. తెలుగునాట చిత్రకళ ఎందుకు చిక్కిపోయిందని సెమినార్లు పెట్టేవాళ్లకి నేనిచ్చే జవాబు ఈ రెండు వాక్యాలే.

ఇక యంత్రం. 2025 మార్చి ఆఖర్లో లోకమంతా ఏఐ చేత తమ ఫొటోల్ని జపాన్ గిబ్లీ స్టూడియో బొమ్మల్లా మార్చుకుని మురిసిపోయింది. పెళ్లి ఫొటో, చంటిపిల్ల ఫొటో, పోయిన తాతగారి ఫొటో, అన్నిటికీ అవే కళ్లు, అవే బుగ్గలు. "ఇంక మీ పనైపోయినట్టేగా" అని నాకు ఫోను చేసి అడిగినవాళ్లున్నారు. వినండి. యంత్రం మీకు బొమ్మ ఇస్తుంది. చూపు ఇవ్వదు. బొమ్మంటే చివర మిగిలే కాగితం. డ్రాయింగంటే ఆ కాగితం దాకా నడిచిన మూడు వారాలు. మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఆమె ఫొటోలు బోలెడున్నాయి. వాటిని చూస్తే ఆ ఫొటో తీసిన రోజు గుర్తొస్తుంది. కళ్లు మూసుకుంటే మాత్రం ఆ చెయ్యి కనిపిస్తుంది, జారిన గాజులతో, వంకాయ వెనక దాక్కున్న బొటనవేలితో, కత్తి అంచు దగ్గర మూడు మూలల ఖాళీతో సహా. ఆరు గీతల కాగితం ఎప్పుడో చెదలు తినేసింది. చెయ్యి నాకు మిగిలింది. ఏ యంత్రం ఇస్తుందో ఇమ్మనండి దీన్ని.

ఇంతమందిని దులిపాను గనక ఒక లెక్క నా వైపునుంచి కూడా తీర్చాలి. ఆ పోటీ రోజు అరిచాను, వాదించాను. చివర్లో ఫలితాల కాగితం నా ముందుకి జరిపితే సంతకం పెట్టాను. రానుపోను ఖర్చుల కవరు తీసుకున్నాను. ఆ పిల్లని పిలిచి "నువ్వు చూసింది నిజమమ్మా" అని ఒక్క మాట చెప్పకుండా గేటు దాటాను. ఆ కాగితం మిగతావాటితో కలిసి పాత పేపర్లవాడికి వెళ్లిపోయి ఉంటుంది. పాదాలు పెద్దవైపోయాయని విన్న ఆ పిల్ల ఆ తరవాత కొండలు గీయడం నేర్చుకుందో, ఏమీ గీయడమే మానేసిందో. "నాకు బొమ్మలు రావండీ" అని రేపు ఎక్కడో అంటే, ఆ మాట మీద నా సంతకం కూడా ఉంటుంది. నేను మోస్తున్న బరువు ఇది. అందుకే ఈ గొంతు.

మీరు చెయ్యాల్సింది ఒక్కటుంది. ఇవాళ రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోయాక, పడుకున్నవాళ్ల కాళ్ల దగ్గర నేల మీద కూర్చోండి. అమ్మో, నాన్నో, భార్యో, భర్తో, బిడ్డో. ఒక కాగితం, ఒక పెన్ను. రబ్బరు లేదు. ఒక్క అరగంట ఆ పాదాల్ని చూడండి, ఇన్నేళ్లలో ఎన్నడూ చూడనంతగా. మడమ దగ్గర పగులు ఎటు తిరిగిందో, చిటికెనవేలు ఎలా ముడుచుకుందో చూసి, చూసిందే గీయండి. గండం వస్తుంది, విసుగొస్తుంది, లేవకండి. పాదాలు కాగితమంతా నిండిపోతాయి, తల ఎక్కడో చిన్నగా పడుతుంది. తప్పు గీశానేమో అనిపించి చెయ్యి ఆగుతుంది.

దిద్దకండి.